కలల రికార్డు: మన ప్రాంత చరిత్రలో స్వప్నం

ప్రత్యేక సంచికకు మన ప్రాంత చరిత్ర మీద ఒక వ్యాసం రాయమని కార్యదర్శిగారు అడిగారు. కోటల గురించి, జమీందారీల గురించి నాకంటె బాగా రాయగలవారు మన సంఘంలోనే నలుగురైదుగురు ఉన్నారు. అందుచేత ఎవరూ ముట్టుకోని విషయం ఒకటి ఎన్నుకున్నాను. అది కల. "కలకి చరిత్రేమిటండీ, కరణంగారి లెక్కా?" అని కొందరు నవ్వుకోవచ్చు. అయితే మన జిల్లాలో ఏటేటా జరిగే అతి పెద్ద ఉత్సవం ఒక కలతోనే మొదలవుతుందన్న సంగతి మనందరికీ తెలిసినదే. తెలిసినదే గనుక దాని గురించి ఆలోచించం.

విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం విజయదశమి తరువాత వచ్చే మంగళవారం జరుగుతుంది. ముందురోజు సోమవారం తొలేళ్లు. మంగళవారం మధ్యాహ్నం మూడు లాంతర్ల దగ్గరి చదురుగుడి నుంచి కోట వరకు, మళ్లీ కోట నుంచి గుడికి, మూడుసార్లు సిరిమాను తిరుగుతుంది. ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల నడుస్తాయి. మాను చివర కూర్చున్న పూజారిని ఆ పూట అమ్మవారిగానే చూస్తాం. మన వాళ్లెవరికీ ఇది చెప్పనక్కరలేదు, గజపతినగరం నుంచి ఆ రోజు బస్సెక్కని ఇల్లు ఉండదు. నేను చెప్పబోయేది ఆ మాను ఎక్కడినుంచి వస్తుందన్నది.

సిరిమాను చింతమాను. సుమారు 50, 60 అడుగులు పొడవు ఉండాలి, నిటారుగా సాగి ఉండాలి. దానితోపాటు ఇరుసుమాను కూడా కావాలి. ఉత్సవానికి కొన్ని వారాల ముందు అమ్మవారు పూజారి కలలో కనిపించి ఈ ఏడు మాను ఏ దిక్కున, ఎలాంటి చోట ఉన్నదో చెబుతుందని నమ్మకం. ఆ ఆనవాళ్లు పట్టుకొని వెతుక్కుంటూ వెళతారు. చెట్టు దొరికాక పసుపు కుంకుమలతో పూజచేసి, రైతు సమ్మతితో కొట్టి, ఊరేగింపుగా తీసుకువస్తారు. వందేళ్ల చెట్టయినా ఆ రైతు కాదనడు సరికదా, తన గట్టు మీది చెట్టును అమ్మ అడిగిందని ఊరందరికీ చెప్పుకుంటాడు.

ముప్పై ఆరేళ్లు కాగితాల మధ్య బతికినవాణ్ణి గనుక నాకు ఇందులో కనిపించేది వేరు. ఇన్ని పల్లెలున్న జిల్లాలో ఎవరి చెట్టు కొట్టాలి అన్న ప్రశ్నను ఏ కమిటీకి అప్పగించినా తగువు తప్పదు. కల తెచ్చిన ఉత్తర్వు మీద అప్పీలు లేదు. అయితే అది నోటి ఉత్తర్వు. విన్నవాడు ఒక్కడే. అతడు నిద్ర లేచి, గుర్తుంచుకొని, నలుగురికీ చెప్పాలి. కలను మరచిపోకపోవడం ఇక్కడ పూజారి విధుల్లో ఒకటి.

ఈ ఆనవాయితీ వెనుక ఉన్న చరిత్ర మీకు తెలిసినదే. 1757 జనవరి 24న బొబ్బిలి కోట మీద ఫ్రెంచి సేనాని బుస్సీతో కలిసి పూసపాటి పెద విజయరామరాజు దాడి చేశాడు. కోట పడింది. కొద్ది రోజులకే తాండ్ర పాపారాయుడు గుడారంలో దూరి విజయరామరాజును చంపాడు. రాజుగారి చెల్లెలు పైడిమాంబ ఆ వార్త విని తట్టుకోలేకపోయిందనీ, తన ప్రతిమ పెద్దచెరువు పడమటి ఒడ్డున దొరుకుతుందని పతివాడ అప్పలనాయుడికి చెప్పి కన్నుమూసిందనీ కథ. మొదటి సంగతులు పుస్తకాల చరిత్ర, తరువాతివి నోటి చరిత్ర. రెండింటినీ ఒకే కలంతో రాయడం నాకిష్టం లేదు గాని, రెండవది లేకపోతే మొదటిది జనానికి ఇంతగా గుర్తుండేది కాదని మాత్రం నా అభిప్రాయం.

ఇక సాహిత్య చరిత్రలో అందరికంటె పేరుపొందిన కల శ్రీకృష్ణదేవరాయలది. కళింగం మీద దండెత్తి పోతూ విజయవాడలో కొన్నాళ్లు ఆగి, శ్రీకాకుళం వెళ్లి ఆంధ్రమహావిష్ణువును సేవించాడు. ఇది మన శ్రీకాకుళం కాదు, కృష్ణాజిల్లాలో ఘంటసాల దగ్గర ఉన్న శ్రీకాకుళం. మన వైపు పిల్లలు పరీక్షల్లో దీన్ని మన ఊరికి కలిపి రాసేస్తూ ఉంటారు. ఆ రోజు ఏకాదశి. రాయలు ఉపవాసం ఉన్నాడు. ఆ రాత్రి నాలుగవ జామున స్వామి కలలో కనిపించి, సంస్కృతంలో అన్ని కావ్యాలు చెప్పినవాడివి, తెలుగులో మాకొకటి చెప్పలేవా అన్నట్టు అడిగి, గోదాదేవి కథ రాయమన్నాడు. ఆముక్తమాల్యద పుట్టుక అది. తరువాత రాయలు మన వైపు రావడమూ నిజమే. 1516 నాటి సింహాచల శాసనం ఆయన ఇచ్చిన ముత్యాల హారం లెక్కతో సహా చెబుతుంది. పొట్నూరులో జయస్తంభం నాటించాడు.

ఇందులో రెండు విషయాలు మీరు గమనించాలి. ఒకటి, కల వచ్చిన వేళను రాయలు రాసిపెట్టాడు. రెండవది, లేచిన తరువాత కాలకృత్యాలు తీర్చుకొని, కొలువు చేసి, పండితులను పిలిపించి కలను వారికి చెప్పాడు. వాళ్లు దాని అర్థం విప్పారు. చక్రవర్తి అయినా ఆ రోజే పదిమందిలో నమోదు చేయించుకున్నాడన్నమాట. సెక్షన్లో మనకు నేర్పిన మొదటి పాఠం కూడా అదే గదా, నోటిమాటగా వచ్చిన ఆదేశాన్ని ఆ రోజే నోట్ ఫైలులో ఎక్కించమని.

రాయలకంటె రెండున్నర శతాబ్దాలు ముందే నెల్లూరి తిక్కన తన కలను విరాటపర్వం మొదట్లో చెప్పుకున్నాడు. తండ్రి కొమ్మన కలలో వచ్చి హరిహరనాథుని సందేశం అందించాడు, పిమ్మట ఆ దేవుడే ప్రత్యక్షమయ్యాడు. శైవులూ వైష్ణవులూ కత్తులు నూరుకుంటున్న కాలంలో, హరుడూ హరీ ఒక్కరే అయిన దేవుడికి భారతాన్ని అంకితం ఇవ్వడానికి చనిపోయిన తండ్రి మాటకంటె పెద్ద అండ ఏముంటుంది! బమ్మెర పోతన సంగతి కొంచెం వేరు. చంద్రగ్రహణం నాడు నదీస్నానం చేసి ఇసుకతిన్నె మీద ధ్యానంలో కూర్చున్నప్పుడు శ్రీరాముడు కనిపించాడు. అప్పుడు తన కళ్లు కొద్దిగా తెరచి ఉన్నాయని కవి ప్రత్యేకించి చెప్పాడు. నిద్ర కాదు, పూర్తి మెలకువా కాదు. ఆ సందు ఎంత విలువైనదో ముందు చెబుతాను. భద్రాచలంలో దమ్మక్క కల, రామదాసు చెర వీడిన రాత్రి తానీషాకు వచ్చినట్టు చెప్పే కల, ఇవన్నీ మీకు తెలుసు గనుక వదిలేస్తున్నాను.

విజయనగరం మాట వచ్చాక గురజాడను తలవకుండా ఎలా? ఆయన 1915లో కన్నుమూయడానికి కొద్ది ఏళ్ల ముందు లవణరాజు కల రాశాడు. మూలకథ యోగవాసిష్ఠంలోది. నిండు కొలువులో ఇంద్రజాలికుడు నెమలీకల కుంచె తిప్పగా రాజు కాసేపు మైమరచిపోతాడు. ఆ కాసేపట్లోనే, ఊరు దూరం పెట్టిన వారి మధ్య ఒక జీవితకాలం గడిపి, ఆ ఇంటి పిల్లను పెళ్లాడి, కరువు చూసి, తిరిగి వస్తాడు. యోగవాసిష్ఠం ఈ కథను మాయను వివరించడానికి చెప్పింది. గురజాడ దాన్ని కులం గీత చెరపడానికి వాడుకున్నాడు. సింహాసనం మీద మెలకువగా ఉండి ఏ రాజూ నేర్చుకోలేనిది ఈ రాజు కలలో నేర్చుకున్నాడు. తెలుగులో కలను ఇంత పనికొచ్చేలా వాడిన రచన మరొకటి లేదని నా గట్టి నమ్మకం. పండితులు కాదంటే కాదనవచ్చు.

సరే, తెల్లవారుజాము సంగతికి వస్తాను. తెల్లవారుజాము కల నిజమవుతుందని మా అమ్మ అనేది. రాయలవారి కలా నాలుగో జాముదే. పీడకల వస్తే గజేంద్రమోక్షం తలచుకోమనేది కూడా. ఆ కథ విన్నవారి దుస్స్వప్నాలు పోతాయని భాగవతం ఫలశ్రుతిలోనే ఉంది. నిజమవడం, కాకపోవడం నేను తేల్చలేను గాని, తెల్లవారుజాము కలలే ఎక్కువ గుర్తుండడానికి కారణం శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. 1953లో అమెరికాలో షికాగో విశ్వవిద్యాలయంలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనే ఇద్దరు, నిద్రలో కొన్ని వేళల్లో కనుగుడ్లు రెప్పల కింద చురుగ్గా కదులుతాయనీ, అప్పుడు లేపితే మనిషి చాలావరకు కల చెబుతాడనీ తేల్చారు. ఈ నిద్ర సుమారు 90 నిమిషాలకొకసారి వస్తుంది. మొదటి విడత కొద్ది నిమిషాలే. తెల్లవారేసరికి విడత అరగంట పైబడి సాగుతుంది. అప్పటికి నిద్రా పలచబడుతుంది, మెలకువా దగ్గరగా ఉంటుంది. కనుక పొడవైన కల చూసి, చూస్తూనే లేస్తాం.

మన వైద్యులకీ కలల మీద గుడ్డి నమ్మకం లేదు. చరకుడు కలలను ఏడు రకాలుగా విభజించాడు: చూసినవి, విన్నవి, అనుభవించినవి, కోరుకున్నవి, ఊహించుకున్నవి, జరగబోయేవి, వాతపిత్తాది దోషాల వల్ల వచ్చేవి. ఇందులో మొదటి అయిదూ ఫలం లేనివని కొట్టేశాడు. పంచాంగాల్లో స్వప్న ఫలాల పేజీ వేసేవారు ఈ ముక్క ఎందుకు వేయరో తెలియదు. మాండూక్యోపనిషత్తు మెలకువ, కల, గాఢనిద్ర అని మూడవస్థలు చెప్పి, వాటికి వెనుక ఉన్నదాన్ని నాలుగవది అంది. పతంజలి, కలలోనూ నిద్రలోనూ కలిగే జ్ఞానాన్ని ధ్యానానికి ఆధారంగా పట్టుకోవచ్చన్నాడు. టిబెట్ బౌద్ధులు నారోపా పేర చెప్పుకునే ఆరు సాధనల్లో స్వప్నయోగం ఒకటి. కల జరుగుతుండగానే 'ఇది కల' అని తెలుసుకోవడం ఆ సాధనకు మొదటి మెట్టు.

దీనికి పడమటి దేశాల్లో లూసిడ్ డ్రీమ్ అని పేరు. నేను ఎరుక కల అంటాను. పేరు పెట్టి ప్రచారంలోకి తెచ్చినవాడు హాలెండు దేశపు వైద్యుడు, రచయిత వాన్ ఈడెన్. 1913లో తన వ్యాసంలో, ఏళ్ల తరబడి రాసుకున్న కలల్లో 352 ఇలాంటివని లెక్క చెప్పాడు. అంతకుముందే 1867లో ఫ్రాన్సులో ఎర్వే ద సాన్-దెనీ అనే ఆయన తన కలల పుస్తకం అచ్చువేశాడు. ఆయన కలలు రాయడం పదమూడో ఏట మొదలుపెట్టాడు. వీళ్లు చెప్పినదాన్ని చాలామంది నమ్మలేదు, నిద్రపోయేవాడి మాటకు సాక్ష్యమేది అన్నారు. ఆ సాక్ష్యం 1975లో ఇంగ్లండులో హల్ విశ్వవిద్యాలయంలో దొరికింది. నిద్రలో ఒళ్లంతా కదలకుండా ఉన్నా కళ్లు కదులుతాయి గదా. అలన్ వర్‌స్లీ అనే ఆయన ముందే అనుకున్న ప్రకారం కలలోనుంచి కళ్లను అటూ ఇటూ తిప్పి సంజ్ఞ చేశాడు. కీత్ హెర్న్ దాన్ని యంత్రం మీద పట్టుకున్నాడు. తరువాత స్టాన్‌ఫర్డులో స్టీఫెన్ లబెర్జ్ సొంతంగా ఇదే రుజువుచేసి, సాధన పద్ధతులు రాశాడు. 2021లో మరీ విచిత్రం. నాలుగు దేశాల ప్రయోగశాలలు కలిసి 36 మందిని పరీక్షించి, కలలో ఉన్న మనిషిని లెక్క అడిగి జవాబు రాబట్టాయి. ఎనిమిదిలోంచి ఆరు తీసేస్తే ఎంత అంటే, నిద్రలోనే కళ్లు రెండుసార్లు తిప్పాడు.

ఇదంతా చదివి ఊరుకోలేదు. 2008లో రిటైరయ్యాక ఒక పాత లాంగ్ నోట్‌బుక్కును కలల రికార్డుగా పెట్టాను. వరుస నంబరు, తేదీ, మెలకువ వచ్చిన వేళ, సంగ్రహం, రిమార్కులు, అయిదు కాలమ్స్. మొదటి నెలలో నాలుగు ఎంట్రీలే పడ్డాయి. మూడో నెలకు రోజుకొకటి. కిటుకేమీ లేదు. మెలకువ రాగానే ఒళ్లు కదపకూడదు, కళ్లు తెరవకూడదు, చివరి ముక్క పట్టుకొని వెనక్కి నడవాలి. తోక చిక్కితే ఆవు వస్తుంది. లేచి టైము చూశామా, సెల్లు ముట్టుకున్నామా, పోయినట్టే. మన వయసువారికి దేవుడిచ్చిన సదుపాయం ఒకటుంది. మూడున్నర నాలుగింటికి ఎలాగూ బాత్‌రూముకు లేస్తాం, వచ్చి మళ్లీ పడుకుంటాం. కుర్రాళ్లు అలారం పెట్టుకొని చేసే సాధన ఇదే! ఆ రెండో నిద్రకు ముందు, 'ఇప్పుడు కల వస్తే కల అని గుర్తుపడతాను' అని మనసులో నాలుగైదుసార్లు అనుకోవాలి. లబెర్జ్ పద్ధతిలో సారం అంతే.

కల అని గుర్తుపట్టడానికి ఆనవాలు ఒకటి కావాలి. రాసినది ఒకసారి చదివి, పక్కకు చూసి, మళ్లీ చదవమంటారు. కలలో అక్షరాలు నిలవవు. నాకు అంతకంటె మంచి ఆనవాలు రికార్డులోనే దొరికింది. వంద ఎంట్రీలు తిరగేస్తే, నా కలల్లో సగం తాలూకా ఆఫీసులోనే జరుగుతున్నాయి! నేను 1972లో గజపతినగరం తాలూకా ఆఫీసులో చేరినప్పుడు మనం ఇంకా విశాఖపట్నం జిల్లాలో ఉన్నాం. విజయనగరం జిల్లా 1979 జూన్ 1న వచ్చింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. అందుచేత నియమం పెట్టుకున్నాను: తాలూకా ఆఫీసులో ఉన్నానంటే అది కల. ఒక తెల్లవారుజామున జమాబందీ లెక్కలు కుదరక చెమటలు పడుతుండగా బోర్డు మీద తాలూకా అన్న అక్షరాలు కనిపించాయి. '1985లోనే పోయింది గదా' అనుకున్నాను. అంతే, లెక్కల భయం వదిలిపోయింది. ఆ సంతోషానికి వెంటనే మెలకువ కూడా వచ్చేసింది. కొత్తవారికి అలాగే జరుగుతుందట. నిలవాలంటే కలలోనే అరచేతులు రుద్దుకోవాలని పుస్తకంలో ఉంది.

మా ఇంటావిడ 2016లో పోయింది. మనిషి రూపం ఫొటోల్లో ఉంది గాని గొంతు ఎక్కడా రికార్డు కాలేదు. రెండేళ్లు గడిచేసరికి ఆ గొంతు నాకు సరిగా గుర్తు రావడం మానేసింది. నేను సాధన వదలకపోవడానికి అసలు కారణం అది. 2019 మాఘమాసంలో, ఎంట్రీ నంబరు 2,316, ఆమె వంటింట్లో చింతపండు పిసుకుతూ కనిపించింది. గడప మీద నిలబడి ఇది కల అని తెలుసుకున్నాను. అరచేతులు రుద్దుకున్నాను. ఏదైనా మాట్లాడమన్నాను. ఆమె తల తిప్పకుండానే, "ఏవండీ, ఇంకా తెల్లవారలేదు, కాసేపు పడుకోండి" అంది. గొంతు అదే. కొంచెం బొంగురు, 'ఏవండీ' దగ్గర చిన్న సాగతీత. లేచి అదే రాసుకున్నాను. వచ్చింది ఆమేనా, నా జ్ఞాపకమేనా అని మా అబ్బాయి అడిగాడు. రిమార్కుల కాలమ్‌లో నేను ఏమీ రాయలేదు. చరకుడి ప్రకారమైతే కోరుకున్న కల, ఫలం లేనిది. కాని ఆ తరువాత గొంతు మళ్లీ పోలేదు.

మనవారికి ఒక హెచ్చరిక చేయకపోతే తప్పవుతుంది. దీనికోసం నిద్ర పాడుచేసుకోవద్దు. కొన్ని రక్తపోటు మాత్రలు కూడా పీడకలలు తెస్తాయి, మీ అంతట మీరు మాత్ర ఆపకుండా డాక్టరుకు చెప్పండి. ముఖ్యమైనది మరొకటి. మామూలుగా కల వచ్చేటప్పుడు ఒళ్లు కదలదు. పెద్దవయసులో ఎవరైనా కలలో జరుగుతున్నట్టే కాళ్లు తన్నడం, కేకలు వేయడం, మంచం మీంచి దూకడం మొదలుపెడితే గాలి సోకిందని తాయెత్తు కట్టించి ఊరుకోకండి. అమెరికాలో మిన్నెసోటా వైద్యులు 1986లో దీన్నొక జబ్బుగా వర్ణించారు. ఇది ఉన్నవారిలో చాలామందికి కొన్నేళ్ల తరువాత పార్కిన్సన్స్ వంటి నరాల వ్యాధులు బయటపడ్డాయి. విశాఖపట్నం వెళ్లి నరాల డాక్టరుకు చూపించండి. పక్కన పడుకున్నవారు చెబితే తప్ప రోగికి ఈ సంగతి తెలియదు. ఒంటరిగా ఉంటున్నవారు పిల్లలు వచ్చినప్పుడు అడిగి తెలుసుకోండి.

చివరగా సంఘానికి ఒక విన్నపం. మన గ్రామాల్లో చాలా అమ్మవార్ల గుళ్లకు మూలం ఎవరికో వచ్చిన కల. చెరువులో ఉన్నానని, పుట్టలో ఉన్నానని, ఫలానా వేపచెట్టు కింద ఉన్నానని చెప్పిన కలలు. కల కన్నవారి మనుమలు ఇంకా మన మధ్య ఉన్నారు, వారికీ ఎనభైలు దాటుతున్నాయి. గుడికి సిమెంటు వేసినప్పుడు దాతల పేర్లు పాలరాతి మీద చెక్కుతున్నారు గాని కల కన్న ముసలమ్మ పేరు ఎక్కడా లేదు. సభ్యులు తమ తమ ఊళ్లలో విచారించి, ఎవరికి వచ్చింది, సుమారు ఏ సంవత్సరం, ఏ వేళ, మొదట ఎవరితో చెప్పారు, తవ్వితే ఏమి దొరికింది అన్నవి తెల్లకాగితం మీద రాసి పంపితే, వరుస నంబర్లు వేసి రిజిస్టరు కట్టే పని నేను చేస్తాను. అయిదు కాలమ్స్ చాలు. నోట్‌బుక్ కొనిపెట్టాను.